ఒంట్లో బాగాలేదని చెప్పుకోగల హక్కు

(ఈ విద్యా సంవత్సరం కళాశాలల్లో చేరుతున్న విద్యార్థినీ విద్యార్థులు, వారి తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ప్రవేశాల కాలంలో జరిగే ఇటువంటి సమావేశాల్లో మనం సాధారణంగా ఉపకార వేతనాల గురించి, ఆదాయ ధ్రువపత్రాల గురించి, వసతిగృహాల్లో సీట్ల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి ఆ విషయాలను ఇతర మిత్రులకు వదిలి, మేము చాలా చిన్నదిగా కనిపించే ఒక సంగతిని ఎంచుకున్నాం. కళాశాలలో, వసతిగృహంలో ఉండే విద్యార్థి ప్రతి ఉదయం తన ఆరోగ్యాన్ని తానే చూసుకోవడం, జబ్బు లక్షణం కనిపిస్తే తీసుకోవలసిన జాగ్రత్తలు. వినడానికి ఇది ఆరో తరగతి ఆరోగ్యశాస్త్ర పాఠంలా ఉంటుంది. కానీ దీని వెనుక హాజరు ఉంది, ఫీజు ఉంది, పెళ్ళి సంబంధం ఉంది, కొన్ని సందర్భాల్లో మన సమాజపు పేరే ఉంది. అందుకే హక్కుల గురించి ఆలోచించే వారి ముందు ఈ మాటలు చెప్పడం అసందర్భం కాదని భావిస్తున్నాం.

మేము వైద్యులం కాము. ముప్పయ్యేళ్ళకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసినవాళ్ళం. సెలవు దరఖాస్తులు, వైద్య ధ్రువపత్రాలు, హాజరు పట్టీలు మా బల్ల మీదుగా వేల సంఖ్యలో సాగిపోయాయి. కనుక వైద్యం సంగతులు వైద్యులను అడిగి తెలుసుకుని చెబుతున్నవి. సెలవుల సంగతి మాత్రం మా స్వానుభవం.

ముందుగా ఉదయం పరీక్ష గురించి చెప్పుకుందాం. దీనికి రెండు నిమిషాలు చాలు. ఫజర్ నమాజుకు లేచే పిల్లలు వజూ చేసుకునే చోట అద్దం ఒకటి ఉంటే ఇంకా సులువు. మొదట కళ్ళు చూసుకోవాలి. తెల్లగుడ్డు పచ్చబడితే కామెర్లు కావచ్చు. ఎర్రబడి, పుసి కట్టి, రెప్పలు అంటుకుంటే కళ్ళకలక కావచ్చు. తరువాత మూత్రం రంగు. ఈ మాట సభలో చెప్పడానికి కొందరు సంకోచిస్తారు. మేము సంకోచించడం లేదు. నీళ్ళు బాగా తాగుతున్నా మూత్రం టీ డికాషన్ రంగులో వస్తుంటే, కళ్ళు పచ్చబడకముందే కామెర్లు పంపే కబురు అది. ఆపైన గొంతు నొప్పి ఉన్నదా, దవడ కింద వాచిందా, ఒంటి మీద నీటి పొక్కులు లేచాయా, వేళ్ళ సందుల్లో రాత్రివేళ దురద ఎక్కువవుతోందా అని చూసుకోవాలి. వాపు గవదబిళ్ళలది కావచ్చు, పొక్కులు ఆటలమ్మవి కావచ్చు, దురద గజ్జిది కావచ్చు. ఇవన్నీ ఒక గదిలో ఎనిమిది మంది పడుకునే చోట చకచకా పాకే జబ్బులే. దగ్గు ఉంటే అది ఎన్నాళ్ళుగా ఉన్నదో గుర్తు చేసుకోవాలి.

ఒళ్ళు వెచ్చగా అనిపిస్తే నుదుటి మీద చెయ్యి వేసి ఊరుకోకూడదు. ప్రతి విద్యార్థి పెట్టెలోనూ ఒక థర్మామీటరు ఉండాలి. దాని ఖరీదు ఒక బిర్యానీ ఖరీదును మించదు. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ లేదా అంతకు మించి చూపితే జ్వరం అనుకోవచ్చు. వేడి టీ తాగిన వెంటనే నోట్లో పెట్టుకుంటే తప్పు లెక్క చూపుతుంది, పావుగంటైనా ఆగాలి. చూసిన అంకెను తేదీతో సహా ఒక చిన్న పుస్తకంలో రాసుకోవాలి. వైద్యుని దగ్గరకు వెళ్ళినప్పుడు "నాలుగైదు రోజులుగా జ్వరం" అనడానికీ, "సోమవారం రాత్రి 101, మంగళవారం ఉదయం 102" అనడానికీ చాలా తేడా ఉంది.

ఈ పరీక్ష ఏ జబ్బునూ నిర్ధారించదు. వైద్యుని దగ్గరకు ఈరోజే వెళ్ళాలా, రేపటిదాకా చూడవచ్చా, ఈ పూట తరగతికి వెళ్ళి పక్కవారిని ఇబ్బంది పెట్టవచ్చా అన్నది తేల్చుకోవడానికి ఉపయోగపడుతుంది. ఇందులో డెంగీ గురించి ఒక్క మాట ప్రత్యేకంగా చెప్పాలి. వానాకాలంలో జ్వరం వస్తే ఒళ్ళు నొప్పులకని ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వంటివి వేసుకోకూడదు. రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. వైద్యుడు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ మాత్రమే వాడాలి. జ్వరం తగ్గింది కదా అని పిల్లలు పరీక్ష హాలుకు పరుగెత్తే రోజే డెంగీలో అసలు ప్రమాదకరమైన రోజు. ఆ సమయంలో తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మత్తుగా పడి ఉండటం కనిపిస్తే ఒక్క గంట కూడా ఆలస్యం చేయరాదు. వీధి చివర ఆర్.ఎం.పి. దగ్గర ఒక సూది, ఒక సెలైన్ సీసా ఎక్కించుకుని తిరిగి రావడం వైద్యం కాదు. కామెర్లకు చేతి మీద వాత పెట్టించడం, పసరు తాగించడం అంతకంటే వైద్యం కాదు. ఈ రెండూ ఇప్పటికీ మన ఇళ్ళలో జరుగుతున్నాయి.

ఇంతవరకు చెప్పినది ఏ వైద్యుడైనా చెబుతాడు. అయితే ఇన్ని తెలిసి కూడా పిల్లలు జబ్బును ఎందుకు దాచుకుంటున్నారు? మేము మాట్లాడదలచినది దీని గురించి.

కోవిడ్ మొదటి విడత తరువాత ఆంధ్రప్రదేశ్‌లో 2020 నవంబరులో, తెలంగాణలో 2021 ఫిబ్రవరిలో కళాశాలలు తిరిగి తెరుచుకున్నప్పుడు రోజువారీ ఆరోగ్య పరీక్ష మన పిల్లలకు మొదటిసారిగా పరిచయమైంది. గేటు దగ్గర ఒకరు చేతిలో తుపాకీ వంటి పరికరం పట్టుకుని నుదుటికో మణికట్టుకో చూపించేవారు. కొన్నిచోట్ల ఒక పత్రం కూడా నింపించేవారు. జ్వరం ఉన్నదా? లేదు. దగ్గు ఉన్నదా? లేదు. ఇంట్లో ఎవరికైనా? లేదు. రోజూ అందరివీ ఒకే జవాబులు. ఇటువంటి పత్రాలు మా సర్వీసులో ఎన్నో చూశాం. గడులన్నీ నిండి ఉంటాయి, సమాచారం మాత్రం ఉండదు. జ్వరం ఉన్న పిల్లవాడు ఉదయమే ఒక డోలో మాత్ర మింగి గేటు దాటేవాడు. ఎందుకంటే "ఉంది" అని రాసినవారికి ఎదురయ్యేది వెంటనే ఇంటికి ప్రయాణం, ఆపైన హాజరు లోటు. కొన్ని వసతిగృహాల్లో కేసులు బయటపడడంతో తెలంగాణలో 2021 మార్చి 24 నుంచి విద్యాసంస్థలను మళ్ళీ మూయవలసి వచ్చింది.

దీనికి భిన్నమైన ఉదాహరణ కూడా మన దేశంలోనే ఉంది. 2020 జనవరి 30న భారతదేశంలో నిర్ధారణ అయిన మొట్టమొదటి కోవిడ్ రోగి ఒక విద్యార్థినే. చైనాలోని ఊహాన్‌లో వైద్యవిద్య చదువుతూ కేరళకు తిరిగి వచ్చిన యువతి. పొడిదగ్గు, గొంతునొప్పి మొదలైన ఒక్క రోజుకే, జనవరి 27న ఆమె త్రిసూర్ ప్రభుత్వ ఆసుపత్రికి చేరింది. అప్పటికే అక్కడి ఆరోగ్యశాఖ ఊహాన్ నుంచి వచ్చినవారితో మాట్లాడుతూ, లక్షణం కనిపిస్తే తెలపమని చెప్పి ఉంచింది. తెలిపితే ఏం జరుగుతుందో ముందే తెలిసినవారు తెలుపుతారు. ఏం జరుగుతుందో తెలియనివారు, చెడే జరుగుతుందని తెలిసినవారు డోలో మింగుతారు.

కొన్నేళ్ళ క్రితం ఒక పట్టణంలోని ప్రైవేటు జూనియర్ కళాశాల వసతిగృహంలో చదువుతున్న మన అబ్బాయి ఒకడు కామెర్లతో ఆసుపత్రిలో చేరితే చూడటానికి వెళ్ళాం. మూత్రం ముదురుగా ఎన్ని రోజుల నుంచి వస్తోందని వైద్యుడు అడిగాడు. ఆరు రోజుల నుంచి అన్నాడు. పక్కనే ఉన్న తండ్రి, "మరి ఎందుకు చెప్పలేదు బేటా?" అన్నాడు. "చెబితే ఇంటికి పంపించేస్తారు అబ్బా. వారాంతపు పరీక్ష రాయకపోతే సెక్షన్ మార్చేస్తారు. మీరు కట్టిన డబ్బు పోతుంది" అన్నాడు. తండ్రి ఆటో నడుపుతాడు. ఆయన ఇంకేమీ అడగలేదు. కలుషితమైన నీటి ద్వారా, ఆహారం ద్వారా పాకే ఈ కామెర్లు ఒంట్లోకి చేరాక బయటపడటానికి సాధారణంగా నాలుగు వారాలు పడుతుంది. కనుక ఆ ఆరు రోజుల మౌనం ఫలితం తరువాతి నెలలో తెలిసింది. అదే గదిలోని మరి నలుగురు మంచం పట్టారు. నీళ్ళ ట్యాంకును శుభ్రం చేయించిందీ అప్పుడే. మొదటి అబ్బాయి మొదటి రోజే చెప్పగలిగి ఉంటే ట్యాంకు వైపు చూపు నెల ముందే పడేది.

ఇక్కడ మా గుమాస్తా జీవితంలోని ఒక సంగతి చెప్పాలి. వెనుకటి ప్రభుత్వ సెలవు నిబంధనల్లో క్వారంటైన్ సెలవు అని ఒకటి ఉండేది. ఉద్యోగి ఆరోగ్యంగానే ఉంటాడు. ఇంట్లో ఎవరికో మశూచి, కలరా, ప్లేగు వంటి అంటువ్యాధి సోకుతుంది. అతడు కార్యాలయానికి వస్తే నలుగురికీ ముప్పు కనుక ఆరోగ్యాధికారి ధ్రువపత్రం మీద ఇంటి దగ్గర ఉండమనేవారు. 21 రోజుల వరకు, తప్పనిసరి పరిస్థితుల్లో 30 రోజుల వరకు. ఆ రోజులను అతని సొంత సెలవు ఖాతాలో తగ్గించేవారు కాదు. విధిలో ఉన్నట్టే లెక్క. దీన్ని ఏర్పరచినవారు మరీ దయగలవారని మేము అనుకోము. ఇంట్లో మశూచి ఉన్నదని చెప్పినందుకు జీతం కోస్తే ఎవరూ చెప్పరని, చెప్పకపోతే కార్యాలయమంతా మంచమెక్కుతుందని వారికి తెలుసు. అంతే. నేటికీ ప్రభుత్వోద్యోగికి ఏడాదికి 20 రోజుల అర్ధవేతన సెలవు జమ అవుతుంది, వైద్య ధ్రువపత్రంతో దానిని పూర్తి వేతన సెలవుగా మార్చుకునే వీలుంది. యాభై ఏళ్ళ గుమాస్తాకు ఉన్న ఈ పాటి వెసులుబాటు పద్దెనిమిదేళ్ళ విద్యార్థికి ఎందుకు ఉండకూడదు?

విద్యార్థి లెక్క ఎలా ఉంటుందో చూడండి. హైదరాబాద్ జె.ఎన్.టి.యు. ఇంజనీరింగ్ నిబంధనలనే తీసుకుందాం. సెమిస్టరులో 75 శాతం హాజరు ఉండాలి. 65కు తగ్గకుండా ఉంటే, తగిన కారణం, ఆధారాలు చూపితే, రుసుము కట్టించుకుని లోటును మన్నించవచ్చు. 65 కంటే తగ్గితే ఏ కారణం చెప్పినా మన్నింపు లేదు; ఆ సెమిస్టరు మళ్ళీ చదవాలి. తరగతులు 90 రోజులు జరిగాయనుకుంటే 75 శాతం కోసం కనీసం 68 రోజులు హాజరు కావాలి. మిగిలేవి 22 రోజులు. ఒక కామెర్ల జబ్బు మూడు వారాలు మంచంలో ఉంచితే అవి చాలావరకు అయిపోతాయి. ఆ తరువాత అక్క పెళ్ళికి రెండు రోజులు, తాతయ్య మరణానికి మూడు రోజులు వెళితే 75 గీత కిందికి జారినట్టే. ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంటుకు కూడా 75 శాతమే కొలమానం. కనుక పేద విద్యార్థికి జ్వరం అంటే ఒంటి వేడి మాత్రమే కాదు, ఫీజు లెక్క కూడా. మన పిల్లల్లో ఈ రీయింబర్స్‌మెంటు మీదే చదివేవారు ఎంతమందో ఈ సభలో కూర్చున్న తల్లిదండ్రులకు మేము చెప్పనక్కర్లేదు.

మన్నింపు నిబంధన ఉన్నదన్న సంగతి కూడా చాలామందికి సెమిస్టరు చివర, పేరు నోటీసు బోర్డు మీదికి ఎక్కాక తెలుస్తుంది. అప్పుడు ధ్రువపత్రం కోసం పరుగులు. జబ్బు పడ్డ నాడే ప్రభుత్వ ఆసుపత్రి ఓ.పి. చీటీ, పరీక్షల కాగితాలు దాచుకోండి. ఆ వారంలోనే ప్రిన్సిపాల్ పేరిట దరఖాస్తు ఇచ్చి, రెండో ప్రతి మీద కార్యాలయం ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర లేని దరఖాస్తు ఇవ్వని దరఖాస్తుతో సమానం. ఈ ఒక్క మాట గుర్తుంచుకున్నా మా ప్రసంగం వృథా కాదు.

ఇప్పుడు మన ఇళ్ళ వైపు చూద్దాం. దాచమని నేర్పేది కళాశాల మాత్రమే కాదు. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం పూట జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉంటే క్షయ పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆ పరీక్షా ఉచితం, మందులూ ఉచితం. సాధారణ క్షయకు ఆరు నెలల మందులతో నయమవుతుంది. చికిత్స కాలంలో పోషణ కోసం నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1000 రూపాయలు చేశారు. ఇన్ని ఉన్నా, డిగ్రీ చదివే కూతురి దగ్గు గురించి ఒక తల్లి మాతో అన్న మాట ఇది: "భాయ్, పరీక్ష చేయిస్తే పేరు రాసుకుంటారు. పేరు రాసుకుంటే సంబంధాలు రావు." ఆమెను తప్పుపట్టలేం, ఆమె భయం కల్పితం కాదు కనుక. సంబంధాలు చెడగొట్టేది మనమే. క్షయ గాలి ద్వారా పాకుతుంది. గిన్నెల వల్లా, బట్టల వల్లా పాకదు. సరైన మందులు మొదలుపెట్టిన రెండు మూడు వారాల్లో చాలామందిలో అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. ఆరు నెలల తరువాత ఆ అమ్మాయి అందరిలాంటి అమ్మాయే. దాచిన అమ్మాయి మాత్రం తనతో పాటు గదిలోని స్నేహితురాళ్ళను, ఇంట్లోని పసిపిల్లలను కూడా ముప్పులోకి లాగుతుంది.

జబ్బుకు పేరు తగిలించడం ఎంత చెరుపు చేస్తుందో మనకంటే బాగా తెలిసినవారు ఎవరు? 2020 మార్చి చివర ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ ఉదంతం తరువాత ఒక వైరస్‌కు మన మతం పేరు తగిలించారు. తోపుడు బండి మీద పండ్లు అమ్ముకునేవారిని పేరు అడిగి వెనక్కు పంపిన సంఘటనలు దేశంలో జరిగాయి. ఆ ఏడు ఆగస్టు 21న బాంబే హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ తబ్లీగీల మీద కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారని వ్యాఖ్యానించింది. తీర్పు వచ్చేసరికి జరగవలసిన నష్టం జరిగిపోయింది. నింద పడుతుందన్న భయంతో పరీక్షకు వెనుకాడినవారిని మేము చూశాం. అందుకే కళాశాలలో జబ్బుపడ్డ విద్యార్థి పేరు తరగతిలో చదవకూడదని, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకూడదని మనం గట్టిగా అడగాలి. అదే నియమాన్ని మన మొహల్లాలోనూ పాటించాలి. ఒకచోట అడిగి మరోచోట మరవడం న్యాయం కాదు.

ఇంకొక సంగతి. వసతిగృహంలో జబ్బు వ్యాపించగానే యాజమాన్యాలు చేసే మొదటి పని సంచులు సర్దించి అందరినీ ఇళ్ళకు పంపడం. బాధ్యత తీరిపోతుంది కదా! కానీ లక్షణాలు ఇంకా బయటపడని పిల్లలు రాత్రి బస్సెక్కి ఆ జబ్బును ఊళ్ళోని నానమ్మ దాకా చేరవేస్తారు. అంటువ్యాధి ఉన్న ప్రాంతానికి వెళ్ళవద్దని, అక్కడే ఉన్నవారు పారిపోయి రావద్దని దైవప్రవక్త (స) ఇచ్చిన ఆదేశం మనలో చాలామందికి తెలుసు. హిజ్రీ 18వ ఏట సిరియాలో అమ్వాస్ ప్లేగు ప్రబలినప్పుడు ఖలీఫా ఉమర్ (రజి) సర్గ్ దగ్గర నుంచే వెనుదిరగడం కూడా తెలుసు. ఆ ఆదేశంలోని రెండో సగం నేటి వసతిగృహాలకు సరిగ్గా వర్తిస్తుంది. అయితే అక్కడే ఉండమన్నప్పుడు ఉండటానికి గది, తిండి, మందు కూడా ఉండాలి. గాలి వెలుతురు వచ్చే గది ఒకటి విడిగా ఉంచడం, భోజనం అక్కడికే పంపడం, రోజూ ఒకసారి నర్సు చూసి వెళ్ళడం ఏ వసతిగృహానికీ మోయలేని భారం కాదు. ఆటలమ్మ పొక్కులన్నీ చెక్కు కట్టడానికి దాదాపు వారం పడుతుంది. ఆ వారం గడపడానికి పిల్లవాడికి ఒక గది కావాలి.

ఆడపిల్లల గురించి కొంచెం విడిగా చెప్పాలి. మరుగుదొడ్లు బాగుండవని పగలంతా నీళ్ళు తాగకుండా ఉండే అమ్మాయిలు చాలామంది ఉన్నారు. ఫలితంగా మూత్రంలో మంట, జ్వరం వస్తాయి. పురుషుడైన వార్డెనుకు చెప్పుకోలేరు. ఉదయం పరీక్షలో ఇదీ ఉండాలి. నెలసరి మరీ ఎక్కువగా అవుతోందా, మెట్లెక్కితే ఆయాసం వస్తోందా, కనురెప్ప లోపల పాలిపోయిందా చూసుకోవాలి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. కనుక ఆయాసాన్ని సోమరితనమని కసురుకోకండి. పరదా పాటించే అమ్మాయి మహిళా వైద్యురాలు కావాలని అడిగితే అది గొంతెమ్మ కోరిక కాదు. ఆ ఏర్పాటు లేకపోతే ఆమె అసలు చెప్పదు.

రంజాన్‌లో జ్వరంతో ఉండి కూడా రోజా విడవడానికి మనసొప్పని పిల్లలు ఉంటారు. రోగికి ఆ రోజాలను తరువాత పూర్తిచేసుకునే సౌలభ్యం దివ్య ఖుర్ఆన్‌లోనే ఉంది. ఆ మాట ఇంట్లో పెద్దలు చెబితే వింటారు. ఇక మనసుకు వచ్చే జబ్బు. వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, బతకాలనిపించకపోవడం కూడా ఉదయం పరీక్షలో చూసుకోవలసిన లక్షణాలే. టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళలో ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు, ఉచితం. ఈ నంబరు పిల్లల పుస్తకం మొదటి పేజీలో రాయించండి.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. రాత్రి ఫోన్‌లో "తిన్నావా, చదివావా" అని అడుగుతున్నాం. "ఒంట్లో ఎలా ఉంది, ఏమైనా తేడాగా ఉందా" అని కూడా అడగండి. తేడాగా ఉందని పిల్లలు చెబితే వెంటనే "పరీక్షలు దగ్గర పడ్డాయి, ఓర్చుకో" అనకండి. ఆ మాట ఒకసారి వింటే రెండోసారి చెప్పరు.

ఈ సమావేశం తరఫున ప్రిన్సిపాళ్ళకు ఇవ్వడానికి ఒక వినతిపత్రం తయారుచేశాం. వైద్యుడు విశ్రాంతి అవసరమని రాసిన రోజులను హాజరు లెక్కలోని మొత్తం పనిదినాల నుంచి మినహాయించాలని, జబ్బు వల్ల తప్పిన పరీక్షను మళ్ళీ పెట్టాలని, వసతిగృహంలో విడిగా ఒక గది ఉంచాలని, అమ్మాయిలు చెప్పుకోవడానికి ఒక మహిళా ఉద్యోగిని నియమించాలని, రోగి పేరు గోప్యంగా ఉంచాలని, తాగునీటి ట్యాంకు శుభ్రం చేసిన తేదీ గోడ మీద రాయాలని అందులో కోరాం. హాజరు మినహాయింపు కళాశాల చేతిలో లేదు, విశ్వవిద్యాలయం నిర్ణయించాలి. కనుక ఒక నకలు రిజిస్ట్రారుకు కూడా పంపుతాం. ఇది మన పిల్లల కోసమే అడుగుతున్నది కాదు, అన్ని మతాల పిల్లల తల్లిదండ్రుల సంతకాలూ తీసుకోండి.

పత్రం నకళ్ళు తలుపు పక్కన బల్ల మీద ఉన్నాయి. ఉర్దూ ప్రతి కావలసినవారికి వచ్చే శుక్రవారం జుమా తరువాత ఇస్తాం. సంతకంతో పాటు పిల్లల పేరు, కోర్సు, సంవత్సరం, మీ చిరునామా పూర్తిగా రాయండి. ఒట్టి సంతకాలున్న కాగితాన్ని కార్యాలయంలో పక్కన పెట్టేయడం ఎంత తేలికో మాకు బాగా తెలుసు.